ఊళ్లో పెద్ద మ్యాచ్ ఉందా? ముందు ఏం తీసేస్తారో చూసుకోండి

ఊళ్లో పెద్ద మ్యాచ్ ఉందంటే పేపర్ డెస్క్‌లో మొదట వినబడే మాట "ఎన్ని పేజీలిద్దాం?" అని. నన్నడిగితే ముందు అడగాల్సింది "ఏం తీసేద్దాం?" అని. మ్యాచ్ ఉంది కదా అని జిల్లా పేజీలు పెరగవు, యాడ్లు పోగా మిగిలే జాగా ఎప్పుడూ ఉండేంతే, కాబట్టి హోటల్లో దిగుతున్న క్రికెటర్ ఫొటో ఐదు కాలమ్‌లకు పెరిగిందంటే ఎక్కడో నాలుగు సింగిల్ కాలమ్ వార్తలు ఎగిరిపోయినట్టే. ఆ నాలుగూ ఏవో కాగితం మీద రాసుకుని, అప్పుడు డమ్మీ, అంటే పేజీ నమూనా, గీయండి.

2025 మహిళల వన్డే ప్రపంచకప్‌నే తీసుకుందాం. విశాఖకు ఐదు మ్యాచ్‌లు వచ్చాయి. అక్టోబర్ 9న దక్షిణాఫ్రికాతో, 12న ఆస్ట్రేలియాతో మన జట్టు ఆడింది. 13, 16, 26 తేదీల్లో మన జట్టు లేని మూడు. జిల్లా డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకు ప్లాన్ వేయడం నేర్పాలంటే నేను ఈ ఐదు తేదీలే బోర్డు మీద రాస్తాను.

మ్యాచ్‌కి రెండు రోజుల ముందు పేజీలో కనబడాల్సింది ఆటగాళ్లు కాదు, రోడ్డు. స్టేడియం పోతినమల్లయ్యపాలెంలో, హైవే పక్కనే. విజయనగరం, శ్రీకాకుళం నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే అంబులెన్స్ కూడా ఆ రోడ్డే పట్టుకోవాలి. పోలీసులిచ్చే ప్రెస్‌నోట్‌ని ఉన్నదున్నట్టు కంపోజ్ చేసి పడేయకండి, అది ఎవరికీ అర్థం కాదు. ఆనందపురం, కొమ్మాది, కార్‌షెడ్ జంక్షన్, ఎండాడ, హనుమంతవాక ఎక్కడున్నాయో చూపిస్తూ చిన్న మ్యాప్ గీయించి, ఏ వాహనం ఎన్నింటి నుంచి ఎటు మళ్లాలో దాని మీదే రాయండి. స్టేడియంలో పట్టేది 27 వేల చిల్లర మంది, మీ పేపర్ కొనేవాళ్లలో చాలామంది ఆ రోజు గేటు దాటి లోపలికి వెళ్లరు, వాళ్లకి మ్యాచ్ అంటే ట్రాఫిక్కే. టీమ్ బస్సు, ఎయిర్‌పోర్టు, ఏం తిన్నారు లాంటివాటికి ఒక ఫొటో, దాని కింద ఒక క్యాప్షన్ చాలు.

ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకూడనిది ఒకటుంది. ఒకసారి నేనే, స్టేడియం లైట్ల ఫొటో కాస్త పెద్దదిగా కనబడాలని, స్కూల్ గేమ్స్ జిల్లా ఎంపికల తేదీ ఉన్న నాలుగు లైన్లు తీసేశాను. రెండు రోజుల తర్వాత ఒక పీఈటీ మాస్టారు ఫోన్ చేశారు. తిట్టలేదు. "మీ పేపర్ చూసే పిల్లల్ని పంపుతామండీ" అన్నారు, అంతే. అప్పటినుంచి ఎంపికల బాక్స్ ముందు పెట్టాకే మిగతా పేజీ కడతాను. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి వెయిట్‌లిఫ్టర్లు వస్తూనే ఉంటారు, అక్కడికి ప్రపంచకప్ రాదు, వాళ్లకి దక్కేది ఆ బాక్సే.

మ్యాచ్ మరునాడు మాత్రం పిసినారితనం వద్దు, ముంచెత్తేయండి. 12న మనవాళ్లు 330 కొడితే అలీసా హీలీ 142తో ఆస్ట్రేలియా ఇంకో ఓవర్ ఉండగానే దాన్ని దాటేసింది, మహిళల వన్డేల్లో అంత పెద్ద ఛేదన అంతకుముందు లేదు. అలాంటిది మన ఊళ్లో జరిగితే ఆ పేపర్ని జనం దాచుకుంటారు. కాకపోతే స్పోర్ట్స్ పేజీలో వచ్చే స్కోరునే జిల్లా పేజీలో మళ్లీ వండొద్దు. ఆ రోజే స్టేడియంలో మాజీ క్రికెటర్లు మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లతో స్టాండ్లు మొదలయ్యాయి, కల్పన విజయవాడ ఆటోడ్రైవర్ కూతురు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీసింది. జిల్లా పేజీకి ఇవే బ్యానర్లు. మధ్యాహ్నం 3కి మొదలైన ఆట ముగిసేసరికి దూరం వెళ్లే ఎడిషన్ల డెడ్‌లైన్ నెత్తి మీదుంటుంది కాబట్టి గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి, రెండు లేఅవుట్లూ సాయంత్రమే సిద్ధం చేసుకోండి. 330 కొట్టాం కదా అని గెలుపు హెడ్డింగ్ ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మన జట్టు లేని రోజులకి పావు పేజీ ఖాళీగా అట్టిపెట్టుకోండి. 13న దక్షిణాఫ్రికా 3 బంతులు మిగిలుండగా బంగ్లాదేశ్ మీద గట్టెక్కింది, దాన్ని బ్రీఫ్‌లో పడేస్తే బాధేస్తుంది. మ్యాచ్ చప్పగా సాగితే ఆ జాగా మున్సిపల్ వార్తకి ఇచ్చేయొచ్చు. మ్యాచ్ ఫ్రీ పాసుల సంగతి కూడా చెప్పాలి. ఎన్ని తీసుకున్నా మొహమాటం వెంటే వస్తుంది, పాసులు పుచ్చుకున్న డెస్క్ ఖాళీ స్టాండ్ల ఫొటో వేయడం నేనైతే చూడలేదు.

ప్లాన్ చింపేయడానికి కూడా సిద్ధంగా ఉండాలి. 26న ఇంగ్లండ్, న్యూజిలాండ్ మ్యాచ్, న్యూజిలాండ్ కెప్టెన్ సోఫీ డివైన్‌కి చివరి వన్డే. మామూలు రోజైతే అర పేజీ కథ. కానీ అప్పటికే బంగాళాఖాతంలో మొంథా తుఫాను తయారవుతోంది, 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రోజు డివైన్‌కి ఒక ఫొటో, నాలుగు లైన్లు ఇచ్చి, మిగతా జాగా అంతా వేటకెళ్లిన పడవలకీ, కరెంటుకీ, కంట్రోల్ రూమ్ నంబర్లకీ వదిలేయండి.