పికప్‌కి కొత్త గ్రిల్ చేయిస్తున్నారా? ఎండలు ముదిరేలోపు చూసుకోవాల్సినవి

మామిడి లోడ్లు మొదలయ్యేలోపు బండి సిద్ధంగా ఉండాలని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చాలామంది తమ పికప్‌లను విజయవాడ ఆటోనగర్‌కి తెస్తారు. టైర్లు, బ్రేకులు, కమాన్ కట్టలు చూపించాక "ముందు షో కూడా మార్చేద్దాం" అనే మాట వస్తుంది. కంపెనీ ప్లాస్టిక్ గ్రిల్ పగిలిపోయి ఉండొచ్చు, లేదా తన బండి పది బళ్ళలో తేడాగా కనపడాలని ఓనర్‌కి ఉండొచ్చు. రెండూ న్యాయమైన కోరికలే. బొలేరో పికప్ అయినా, టాటా యోధా అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ అయినా, మంచి మేస్త్రీ చేతిలో పడితే గట్టి గ్రిల్, అందమైన గ్రిల్ వస్తుంది. కానీ దాని వెనకాల ఏముందో చూడకుండా గీసిన డిజైన్ మే నెలలో లోడుతో ఉన్న బండిని రోడ్డు పక్కన నిలబెడుతుంది.

ముందు గాలి లెక్క చూడండి

గ్రిల్ వెనక వరసగా ఏసీ కండెన్సర్, రేడియేటర్, ఆ వెనక ఫ్యాన్ ఉంటాయి. టర్బో డీజిల్ బళ్ళలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్ళే గాలిని చల్లబరిచేది) కూడా చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. వీటన్నిటికీ గాలి అందేది గ్రిల్ లోంచి, కింద బంపర్‌లో ఉన్న సందులోంచి మాత్రమే. అందుకే కాగితం మీద గీత పెట్టేముందు పాత గ్రిల్‌లో గాలి వెళ్ళే ఖాళీ ఎంతుందో కొలవండి. కొత్తదానిలో అది అంతకంటే తగ్గకూడదు. నేను పెట్టే మొదటి షరతు ఇదే, అందం ఆ తర్వాతే.

జాలీ ఎంచుకునేటప్పుడు కంటికి ఎలా ఉందో చూసి నిర్ణయించకండి. 2 మి.మీ. తీగతో నేసి, 10 మి.మీ. గడి ఉన్న జాలీ తీసుకోండి. గడికి తీగ మందం కలిపితే 12. 10ని 12తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 0.69 వస్తుంది. అంటే 69 శాతం ఖాళీ. అదే చిల్లులు కొట్టిన రేకులో 5 మి.మీ. చిల్లులు 8 మి.మీ. ఎడంతో, ఒక వరస సందులోకి పక్క వరస వచ్చేలా ఉంటే ఖాళీ 35 శాతమే. అంటే దాదాపు సగం. నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తే ఈ తేడా పెద్దగా తెలియదు. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి మాత్రం బాగా తెలుస్తుంది. లేజర్ కటింగ్‌లో పేరో, సింహం బొమ్మో, ఇంటి దేవుడి బొమ్మో పెట్టించుకునేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పెద్ద బొమ్మ రేడియేటర్‌కి నడిమధ్య రాకుండా పైపట్టీ మీదకో, ఒక పక్కకో జరపమని అడగండి.

పురుగులు రాకుండా లోపల దోమల జాలీ బిగించుకునేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కోతల రోజుల్లో వరిపొట్టు, సాయంత్రం పూట పురుగులు ఆ సన్నగళ్ళను కొద్ది రోజుల్లోనే మూసేస్తాయి. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది.

ఇంకో విషయం చాలా షాపుల్లో పట్టించుకోరు. పాత గ్రిల్ విప్పినప్పుడు దాని చుట్టూ, రేడియేటర్ పక్కల ప్లాస్టిక్ పలకలు, స్పాంజి పట్టీలు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. ముందు నుంచి వచ్చిన గాలి పక్కలకు తప్పించుకోకుండా, ఇంజిన్ లోపలి వేడిగాలి తిరిగి ముందుకు రాకుండా అడ్డుపడతాయి. కొత్త గ్రిల్ పట్టడం లేదని వాటిని కోసి పారేస్తే, జాలీ ఎంత ఖాళీగా ఉన్నా ఇంజిన్ వేడెక్కుతుంది. గ్రిల్ కొలతనే వాటికి తగ్గట్టు మార్చండి, వాటి జోలికి వెళ్ళకండి.

పని మొదలుపెట్టే ముందే ఒక పరీక్ష చేసిపెట్టుకోండి. బీఎస్-6 బళ్ళలో ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే చోటు) ఉంటుంది. చిన్న స్కానర్ పెడితే కూలెంట్ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. మామూలుగా మీరు వేసే లోడుతో, ఏసీ ఆన్‌లో ఉంచి, తెలిసిన ఒక ఎక్కుడు రోడ్డు మీద ఎంత చూపిస్తుందో రాసుకోండి. గ్రిల్ మారాక అదే లోడుతో, అదే రోడ్డు మీద, అదే వేళకి మళ్ళీ చూడండి. ఖాళీ బండితో గన్నవరం దాకా హైవే మీద వెళ్ళొచ్చి "వేడెక్కలేదు" అనుకోవద్దు. హైవే మీద బండి వేగమే గాలిని లోపలికి తోస్తుంది. పాడేరు ఘాట్‌లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో రెండో గేర్‌లో పాకుతున్నప్పుడు ఫ్యాన్ లాగే గాలి మీదే ఆధారపడాలి. లోపం అక్కడే బయటపడుతుంది.

ఎదుటి మనిషి ఒళ్ళు కూడా గుర్తుండాలి

పికప్ ముందు భాగం ఎత్తు. తగిలితే పెద్దవాళ్ళకి నడుము దగ్గర, పిల్లలకి ఛాతీకో తలకో తగులుతుంది. ప్లాస్టిక్ గ్రిల్ విరిగి కొంత దెబ్బని తనమీద వేసుకుంటుంది, ఇనుము అలా విరగదు. కాబట్టి ముందుకు పొడుచుకొచ్చే మొనలు, బాణాలు, కోరల డిజైన్లు అసలు వద్దు. గ్రిల్ ఎప్పుడూ పాతదాని గాడిలోనే, బంపర్ కంటే వెనక్కి ఉండాలి. బయటికి కనిపించే ప్రతి అంచునీ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రం వచ్చేదాకా అరగదీయించండి. వేలితో రాసి చూస్తే ఎక్కడా గుచ్చుకోకూడదు. బండి కడిగే కుర్రాడి చేతికైనా ఇది అవసరమే.

గ్రిల్ పేరు చెప్పి ఛాసిస్‌కి బిగించే ఇనుప గార్డు చేయించుకోవద్దు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ క్రాష్ గార్డుల మీద, బుల్ బార్ల (బంపర్ ముందు బిగించే ఇనుప కడ్డీల) మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టంలో మార్పుల సంగతి చెప్పేది సెక్షన్ 52. 2019 సవరణతో చేరిన 182ఏ(4) ప్రకారం, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. జరిమానా సంగతి అలా ఉంచితే, ఛాసిస్‌కి నేరుగా బిగించిన గార్డు వల్ల గుద్దుకున్నప్పుడు దెబ్బ లోపలికి చేరే తీరు మారిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన సమయం తప్పొచ్చు. గ్రిల్ వరకే మార్చినా డిజైన్ ఫొటో పట్టుకెళ్ళి ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటును కొత్త గ్రిల్ ఏ వైపు నుంచీ కప్పకూడదు. దాని రివెట్లు విప్పి వేరే చోట పెట్టే పని షాపువాళ్ళు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

బరువు

25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఇనుప ఫ్లాట్ పది మీటర్లు వాడితే దాదాపు 6 కిలోలు తూగుతుంది. 12 మి.మీ. రాడ్ అయితే అదే పది మీటర్లు 9 కిలోలకు దగ్గరగా వస్తుంది. కంపెనీ ప్లాస్టిక్ క్లిప్పులు ఇంత బరువు కోసం చేసినవి కావు. కొన్ని మోడళ్ళలో గ్రిల్ బానెట్‌కే బిగించి ఉంటుంది. అలాంటి బండిలో ఈ బరువంతా బానెట్ లాక్ మీద, కీళ్ళ మీద పడుతుంది. అల్యూమినియం అయితే ఇనుము బరువులో మూడో వంతుకి కాస్త పైన. ఖర్చు ఎక్కువైనా అదే మేలని నా అభిప్రాయం. అల్యూమినియం మీద స్టీల్ బోల్టు పెట్టేచోట మధ్యలో నైలాన్ వాషర్ తప్పనిసరి. మచిలీపట్నం, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో రెండు లోహాలు నేరుగా తగిలితే అల్యూమినియం తినుకుపోవడం మొదలవుతుంది.

షాపులో పని జరిగేటప్పుడు

వెల్డింగ్ బండి మీద వద్దు. అట్టముక్కతో నమూనా కోసి, బండికి సరిపోయిందో చూసుకుని, మిగతా పనంతా బల్ల మీద చేయించండి. ఏ కారణం చేతైనా బండి మీద టాకా (చిన్న వెల్డింగ్ అతుకు) వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పడే చోటికి బాగా దగ్గరగా పెట్టాలి. ఎక్కడో ఛాసిస్‌కి తగిలిస్తే ఆ కరెంటు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), సెన్సార్ల వైర్ల గుండా దారి వెతుక్కుంటుంది. కొత్త బళ్ళలో ముందు భాగంలో ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు ఉండొచ్చు. వాటి చుట్టుపక్కల సుత్తి పెట్టనివ్వకండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకూడదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొన్ని బళ్ళలో తాళం తీశాక కూడా తిరుగుతుంది.

జింకు పూత ఉన్న జీఐ పైపో, రేకో వాడితే వెల్డింగ్ పడే చోట పూతని ముందుగా అరగదీయాలి. ఆ తెల్లటి పొగ పీల్చిన మనిషికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తుడిచిన ముక్క మీద వెల్డింగ్ అసలు చేయకూడదు, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మామూలు సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి పని చేయించండి.

గ్రైండర్ సంగతి నేను ప్రతి షాపులో అడుగుతాను. 4 అంగుళాల గ్రైండర్‌కి గార్డు ఊడదీసి పెద్ద డిస్క్ ఎక్కించడం చాలా ప్రమాదం. చిన్న గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది, 7 అంగుళాల డిస్క్ మీద రాసి ఉండే పరిమితి 8,500 దగ్గర ఉంటుంది. అది పగిలితే ముక్క ముఖంలోకే వస్తుంది. డిస్క్ మధ్యలో ఉన్న రేకు చుట్టు మీద గడువు తేదీ ఉంటుంది, అది కూడా చూడండి.

వెల్డింగ్ చేసేటప్పుడు మేస్త్రీకి కళ్ళని కాపాడే నల్ల అద్దం ఉంటుంది. ముక్క పట్టుకుని పక్కన నిలబడే కుర్రాడికి చాలాసార్లు ఉండదు. ఆ వెల్డింగ్ వెలుగు తగిలినప్పుడు ఏమీ తెలియదు, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. బంగాళదుంప ముక్కలు, చనుబాలు అంటూ ఇంట్లో చిట్కాలు చేయకుండా కంటి డాక్టరుకి చూపించాలి. మీ బండి పని జరుగుతున్నప్పుడు మీరే అడిగి ఆ పిల్లాడికి అద్దం ఇప్పించండి. ఇవ్వని షాపులో పని చేయించకండి.

రంగు విషయంలో పౌడర్ కోటింగ్ మంచిది. దాన్ని దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి ప్లాస్టిక్ లోగో, రబ్బరు బుష్‌లు ముందే తీసేయాలి. రెండు వైపులా మూసిన పైపు ఉంటే గాలి పోవడానికి చిన్న బెజ్జం ఉండాలి. హార్డెనర్ కలిపే 2కే పెయింట్ కొట్టేచోట మామూలు గుడ్డ మాస్క్ ఏమాత్రం పనికిరాదు. అందులోని ఐసోసయనేట్లు ఆస్తమా తెప్పిస్తాయి. ఆవిర్లను ఆపే మాస్క్ లేకుండా ఎవరూ ఆ గదిలో ఉండకూడదు.

బిగించాక

కంపెనీ బెజ్జాలకే బిగించండి, కొత్త బెజ్జాలు కొట్టొద్దు. నైలాక్ నట్లు (అదురుకి ఊడకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) వాడండి. గ్రిల్‌కీ కండెన్సర్‌కీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండాలి. అది కుదరకపోతే గతుకుల్లో ఊగినా తగలదని ఊపి చూడాలి. బానెట్ పదిసార్లు తెరిచి మూయండి. లాక్ పూర్తిగా పడుతోందా, సేఫ్టీ కొక్కేనికి వేళ్ళు అందుతున్నాయా, హారన్ మూసుకుపోలేదా, హెడ్‌లైట్ల కాంతికి ఎక్కడైనా అడ్డం వచ్చిందా చూడండి. గ్రిల్‌లో ఎల్‌ఈడీలు పెట్టిస్తే ఫ్యూజు, రిలే ఉండాలి. ఎరుపు, నీలం రంగులు పెట్టించకండి.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి బిగించండి. పాత గ్రిల్, దాని స్క్రూలు, క్లిప్పులు ఒక గోనెసంచిలో కట్టి ఇంట్లో దాచండి. వేడి పరీక్షలో తేడా వస్తే అదే రోజు పాతది ఎక్కించి, కొత్తదాన్ని మళ్ళీ షాపుకి పట్టుకెళ్ళి ఖాళీ పెంచమని అడగొచ్చు.