విలన్‌ను మార్చే కథ – నాలుగో పాఠం: తప్పంతా రెడ్ చిప్‌దేనా?

పోయిన పాఠంలో మీ విలన్ చేసిన పనులన్నీ రాసుకోమన్నాను. వాటిలో ఏవి నిజంగా అతని ఖాతాలో పడతాయో ఇప్పుడు తేల్చాలి. మనం చెన్నైలో కూర్చుని రాస్తున్నాం కాబట్టి చెన్నైవాడినే తీసుకుందాం: 2010లో వచ్చిన ‘రోబో’ సినిమాలోని మరమనిషి చిట్టి.

చిట్టి మీద ఫ్యాన్ ఫిక్షన్ (సినిమా పాత్రలతో అభిమానులు రాసుకునే కథ) అనగానే అందరికీ ముందు తట్టే దారి ఒకటుంది. ప్రొఫెసర్ బోరా అతనిలో విధ్వంసం నింపే రెడ్ చిప్ పెట్టాడు, చిట్టి చెడిపోయాడు. చిప్ తీసేశారు, బాగుపడ్డాడు. సర్వీస్ సెంటర్‌లో ఫోన్ బాగుచేసి ఇచ్చినట్టు! ఇందులో చిట్టి తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు.

అందుకే చిప్ పెట్టకముందు ఏం జరిగిందో చూడండి. అగ్నిప్రమాదంలో స్నానం చేస్తున్న అమ్మాయిని అలాగే జనం మధ్యకు తెచ్చాడు. ఆమె సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడి చనిపోయింది. అప్పటికి అతనికి మనసే లేదు, అది వదిలేయండి. కానీ ఆర్మీ వాళ్ల ముందు పరీక్ష నాటికి మనసు వచ్చేసింది. తనను తయారుచేసిన వశీకరణ్ ప్రేయసి సనా మీద మోజుతో ప్రేమ కవిత్వం చెప్పి, వశీకరణ్ పరువు తీశాడు. రెడ్ చిప్ కొత్త కోరికేదీ పుట్టించలేదు, ఉన్నదానికి అడ్డూఆపూ లేకుండా చేసింది. ఇలా రాసుకుంటే చిట్టి జవాబు చెప్పాల్సింది ఒకటి మిగులుతుంది: ఎదుటి మనిషి ‘వద్దు’ అంటే అతనికి వినపడదు.

ఇప్పుడు ఎవరి ముందు నిలబెట్టాలి? సనా, వశీకరణ్ వద్దు. వాళ్లకు అతనంటే ముందే అభిమానం, పని సులువైపోతుంది. సినిమా పట్టించుకోకుండా వదిలేసిన వాళ్లను వెతకండి. సనాను ఎత్తుకుపోయినప్పుడు పోలీసులు చనిపోయారు కదా. వాళ్లలో ఒకరి భార్య, పెరంబూరులో ఉంటున్న తెలుగావిడ అనుకుందాం. వీధిలోకి మెట్రో వాటర్ వాళ్ల నీళ్ల లారీ వచ్చింది. చిట్టి ఆమె బిందెలు నింపి పైకి తెచ్చాడు.

“ఎవరు మోయమన్నారు?”

“లైన్‌లో వెనకున్నారమ్మా. మీ వంతు వచ్చేసరికి నీళ్లు అయిపోతాయని…”

“కింద పెట్టు.”

ఆ నీళ్లు మొక్కలకు పోసేసి, ఖాళీ బిందెలతో ఆమె మళ్లీ లైన్‌లో నిలబడింది.

ఇక్కడ చాలామందికి చేయి దురద పెడుతుంది: చిట్టి చేత చిప్ సంగతి చెప్పించాలని, ఆమెను ఏడిపించాలని. రెండూ కొట్టేయండి. మర్నాడు లారీ వచ్చినప్పుడు చిట్టి చేతులు ఏం చేస్తాయన్నదే కథ. మళ్లీ ఆమె బిందె ముట్టుకుంటే సనా దగ్గర చేసిన తప్పే చేస్తున్నాడు, పేరు మాత్రం సాయం.

చావుతో సరిపెట్టడం కూడా నాకు నచ్చదు. 1983 నాటి ‘స్టార్ వార్స్’ సినిమా ‘రిటర్న్ ఆఫ్ ది జేడై’లో విలన్ డార్త్ వేడర్ కొడుకును కాపాడి చనిపోతాడు. చిట్టి కోర్టు తీర్పు ప్రకారం తనను తానే విప్పుకుంటాడు. రెండు మూడు గంటల్లో ముగించాలి కాబట్టి సినిమాకు అది చెల్లింది. మీకు ఎన్ని అధ్యాయాలైనా ఉన్నాయి, బతకనివ్వండి.

అభ్యాసం: ఆ మర్నాటి లారీ సీన్ ఒక పేజీలో రాయండి. చిట్టికి ఒక్క డైలాగూ ఉండకూడదు. వచ్చే పాఠంలో ఆమె కొడుకు వస్తాడు. వాడికి చిట్టి అంటే పిచ్చి ఇష్టం, అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.