జనవరి వస్తే తాబేళ్లొస్తాయి: వల దగ్గరా ఒడ్డు దగ్గరా జాగ్రత్తలు

సంక్రాంతి దగ్గరపడే కొద్దీ మా వైపు సముద్రంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు కనబడతాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక ఒడ్డున్న చోటల్లా మార్చి వరకు, కొన్నిచోట్ల ఏప్రిల్లో కూడా, రాత్రిపూట గుడ్లు పెట్టడానికి పైకెక్కుతాయి. ఒడిశాలో రుషికుల్య దగ్గరలా వేలకు వేలు ఒక్కసారిగా రావు. మన దగ్గర ఒకటీ అరా. అందుకే చచ్చి కొట్టుకొచ్చినప్పుడు తప్ప ఎవరికీ పట్టవు.

చేపల వేట నిషేధం ఉందిగా అంటారు. అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అప్పటికి చాలా తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి అంతకుముందు మూడు నెలలూ భారం బోటు మీదున్నవాళ్లదే.

తాబేలు చేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. బోటు వెనక ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక, ఊపిరాడక చస్తుంది. గంటల తరబడి వల లాగుతూ పోతే లోపలున్నది బతకడం కష్టం. ఈ నెలల్లో వల త్వరగా ఎత్తండి. డీజిల్ ఖర్చూ పనీ పెరుగుతాయి, కాదనను. నీటిమీద జతలుగా తేలుతున్నవి కనబడితే అక్కడ వల దించకుండా కాస్త దూరం జరగండి. ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న రూలు ఎటూ ఉంది, తాబేళ్లు ఎక్కువగా తిరిగేదీ ఆ నీళ్లలోనే.

టెడ్ అనే ఇనుప కమ్మీల చట్రం వలలో బిగిస్తే రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వల చివరి సంచిలోకి పోతాయి, తాబేలు పైనున్న తెరుపులోంచి జారిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ మన బోట్లకు తగ్గట్టు ఒకటి తయారుచేసింది. సరుకు పోతుందని బోటు నడిపే సరంగుల టెన్షన్. కొంత పోయే మాట నిజమే. అయితే కమ్మీలకు చెత్త అడ్డుపడితే ఇంకా ఎక్కువ పోతుంది, అందుకని వల దించే ప్రతిసారీ చూసుకోండి. మనవాళ్లు టెడ్ వాడట్లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది. ఆ నష్టం కూడా లెక్కలో వేసుకోవాలి.

వలలో వచ్చింది కదలకపోతే చచ్చిందని వెంటనే సముద్రంలోకి తోసేయకండి. ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. స్పృహ తప్పినదాన్ని నీళ్లలో వేస్తే మునిగి నిజంగానే చస్తుంది. పోయినేడాది మా పేట బోటు ఒకదానిలో అలాగే ఒకటి వచ్చింది. బోర్లా పడుకోబెట్టి, వెనకభాగం కింద పాత టైరు పెట్టి ఓ జానెడు ఎత్తు చేశారు. నీడలో ఉంచి, ముక్కు మూయకుండా తడి గోనె కప్పారు. నోట్లోంచి నీళ్లు కారాయి. కళ్లుమూసుకుని అలాగే పడుంది. ఐదు గంటలకు ఒక రెక్క బోటు చెక్కను గీరింది! కొన్నిటికి 24 గంటలు కూడా పట్టొచ్చు, ఓపిక పట్టండి. తేరుకున్నాక ఇంజను న్యూట్రల్లో పెట్టి, వల లేని పక్కనుంచి మెల్లగా దించండి. వెల్లకిలా తిప్పడం, రెక్క పట్టి విసరడం వద్దు.

తెగిన వల ముక్కలు సముద్రంలో వదిలేయకుండా ఒడ్డుకు తెచ్చేయండి.

ఇక ఒడ్డు సంగతి. మాఘ పౌర్ణమి స్నానాలు, శివరాత్రి, పిక్నిక్‌లు అన్నీ సరిగ్గా ఈ నెలల్లోనే. పొద్దున్నే ఇసుక మీద ట్రాక్టర్ టైరు జాడలాంటిది కనబడితే అది తాబేలు నడిచిన దారి. దాన్ని తొక్కేయకుండా ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి. గుడ్లు మీరు తవ్వొద్దు. పెట్టిన కొద్ది గంటల తర్వాత గుడ్డును తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. ఒక్కో గూటిలో నూరు, నూటిరవై గుడ్లుంటాయి. తీసుకెళ్లి తినడమో అమ్మడమో చేస్తే వన్యప్రాణి చట్టం కింద 3 నుంచి 7 ఏళ్లు జైలు.

తల్లి పైకొస్తూ కనబడితే దూరంగా కూర్చోండి. టార్చి, ఫ్లాష్ ఆపేయండి, బండ్లు ఇసుకలోకి తేకండి. కుక్కల్ని రాత్రి కట్టేయండి. మాట్లాడితే జాలర్ల మీద పడతారు గానీ, తెల్లార్లూ ఫ్లడ్ లైట్లు వెలిగించే రిసార్టుల్ని ఎవరూ అడగరు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటే నడుస్తుంది. సముద్రం వైపు చీకటిగా, రోడ్డు వైపు వెలుగ్గా ఉంటే రోడ్డెక్కుతుంది.

అందుకని గూడు కనబడ్డ తేదీని క్యాలెండర్లో రాసుకోండి. పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో బయటికొస్తాయి. ఆ పదిహేను రోజులూ ఒడ్డు వైపు వీధిలైట్లు ఆపమని పంచాయతీలో ముందే కాగితం పెట్టండి, ఆ రోజు వచ్చాక అడిగితే కుదరదు.