సాలూరు ఘాట్ మీదుగా యాసిడ్, కాస్టిక్ లోడు తీసుకెళ్లాలంటే ఏం చేయాలి?

విశాఖ వైపు నుంచి సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా ఒడిశాలోని కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి సంగతి అటువైపు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. పైన అల్యూమినా రిఫైనరీలున్నాయి, బాక్సైట్‌ని (అల్యూమినియం ఖనిజాన్ని) కరిగించాలంటే కాస్టిక్ సోడా కావాలి. జయపురంలోనో సెమిలిగూడలోనో చిన్న కొట్టు నడిపే మనవాళ్లకి బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కావాలి. ట్యాంకరైనా, అద్దెకి మాట్లాడుకున్న చిన్న వ్యానైనా, చూసుకోవాల్సింది ఒకటే: బండి బోల్తా పడి డ్రైవరు మాట్లాడలేని స్థితిలో ఉన్నా, ముందుగా చేరుకున్న మనిషికి లోపల ఏముందో, ఏం చేయాలో తెలియాలి. కాగితాలూ బోర్డులూ అందుకే ఉన్నాయి, చెక్‌పోస్టులో చూపించి దాటిపోడానికి మాత్రమే అనుకోకండి.

ముందుగా సరుకేంటో రాతపూర్వకంగా తీసుకోండి. బిల్లు మీద 'కెమికల్' అని రాసిచ్చి పంపేస్తే ఒప్పుకోవద్దు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం సరుకు ప్రమాదాల గురించి పూర్తి సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత పంపేవాళ్లదే. ప్రతి సరుక్కీ ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల నంబరు ఉంటుంది: కాస్టిక్ సోడా ద్రావణానికి 1824, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి 1789, పెట్రోలుకి 1203, వంటగ్యాస్‌కి 1075. దాంతోపాటు ట్రెమ్ కార్డు, అంటే రవాణాలో ప్రమాదం జరిగితే చూసుకునే అత్యవసర కార్డు, అడిగి తీసుకోండి. ఒలికితే, మంటలొస్తే, ఒంటి మీద పడితే ఏం చేయాలో అందులో ఉంటుంది, అది క్యాబిన్‌లోనే ఉండాలి. నా మాట వింటే దాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి మరో రెండు కాపీలు పెట్టుకోండి, పొట్టంగి దగ్గర సాయానికొచ్చేవాళ్లకి ఇంగ్లీషు కార్డు ఏ మూలకి పనికొస్తుంది?

డ్రైవరు దగ్గర హెవీ లైసెన్స్ ఉందంటే సరిపోదు. ప్రమాదకర సరుకు తోలడానికి మూడు రోజుల శిక్షణ తీసుకుని, లైసెన్స్‌లో ఆ మేరకు నమోదు చేయించుకోవాలి. 2019 సవరణ తర్వాత అది మూడేళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కి ఒక రోజు రిఫ్రెషర్ కోర్సు చేయాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలని రూలు. చాలామంది ఓనర్లు ఇక్కడే చూసీచూడనట్టు పోతారు, తీరా ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఈ కాగితమే.

బండికి సైలెన్సర్ దగ్గర స్పార్క్ అరెస్టర్ (నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపేది), ఫస్ట్ ఎయిడ్ బాక్సు, సరుక్కి తగిన రక్షణ సామగ్రి ఉండాలి. కాస్టిక్ అయితే గాగుల్స్, రబ్బరు గ్లౌజులు, బూట్లు, కళ్లూ ఒళ్లూ కడుక్కోడానికి సరిపడా మంచినీళ్లు తప్పనిసరి. ఎమర్జెన్సీ సమాచారం ఉన్న ప్యానెల్ రెండు పక్కలా, వెనకా కనబడాలి. సరుకు పేరు, ప్రమాద గుర్తు, అత్యవసర ఫోన్ నంబర్లు, పంపినవాళ్ల నంబరు దాని మీద ఉంటాయి. మట్టి కొట్టుకుపోయి ఏమీ కనబడకపోతే అది ఉన్నా లేనట్టే, కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి తుడిపించండి.

చిన్న వ్యాన్ల వాళ్లకి ఓ మాట. బ్లీచింగ్ సంచులూ యాసిడ్ క్యాన్లూ ఒకే బండిలో వేయకండి. ఘాట్ కుదుపులకి ఒక క్యాన్ మూత వదులై యాసిడ్ బ్లీచింగ్ మీద పడిందంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న వ్యాన్‌లో అది ప్రాణం తీస్తుంది. ఒక ట్రిప్పు డబ్బులు మిగులుతాయని చూసుకోవద్దు. అలాగే విజయనగరం నుంచి రాయగడ రైల్లో పెట్రోలో, బాణసంచానో సంచిలో పెట్టుకుని తీసుకెళ్లేవాళ్లు కూడా ఉంటారు. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇక ఘాట్. కాస్టిక్ ద్రావణం నీళ్లకన్నా బాగా బరువు, గాఢమైన రకమైతే దాదాపు ఒకటిన్నర రెట్లు, కాబట్టి లోడు లీటర్లలో కాకుండా టన్నుల్లో లెక్కేసుకోండి. సగం నిండిన ట్యాంకర్ మలుపులో మరీ ప్రమాదం, లోపలి ద్రవం ఒక పక్కకి ఒరిగి బండిని తనతో లాగేస్తుంది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దించాలి, డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు కాలిపోతాయి. వానాకాలంలో పొగమంచు పట్టేస్తే విశాలమైన చోట ఆపుకోండి గానీ, బండిని ఒంటరిగా వదిలి టీకి వెళ్లకూడదు. డ్రైవరో, పద్దెనిమిదేళ్లు దాటిన బాధ్యత గల మనిషో దగ్గరే ఉండాలని రూల్లోనే ఉంది.

ఒలికితే? ముందు జనాన్ని గాలి వచ్చే వైపుకి దూరంగా పంపండి. 112కి ఫోన్ చేసి సరుకు పేరు, నాలుగంకెల నంబరు చెప్పండి. దగ్గర్లోని పోలీస్‌స్టేషన్‌కి, ఓనరుకి వెంటనే తెలియజేయడం డ్రైవరు బాధ్యత. కాస్టిక్ ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి నీళ్లతో చాలాసేపు కడగాలి, చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు రాయొద్దు. రోడ్డు మీద పారుతుంటే అందుబాటులో ఉన్న మట్టీ ఇసకా వేసి, గెడ్డలోకి (వాగులోకి) దిగకుండా దూరంనుంచే కట్టడి చేయండి, కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే.

సరుకు దించేశాక ఖాళీ బండే కదా అని బోర్డులు పీకేయకండి. ట్యాంకులో అడుగున మిగిలిన కాస్తా, పెట్రోలు ట్యాంకరైతే లోపలి ఆవిరీ కూడా ప్రమాదమే, సరైన చోట కడిగించాకే బోర్డులు తీయాలి. కడగడానికి క్లీనర్ కుర్రాణ్ణి మాత్రం లోపలికి దింపకండి.