కొత్త డబ్బాలు తర్వాత, ముందు ఉన్నది బోర్లించండి

మా కాలనీ రీసైక్లింగ్ పని నెత్తికెత్తుకోగానే నేను చేసిన తప్పు, డబ్బాలు పెంచడం. అవి నిండాయి, కానీ సరుకులో సగం పనికిరాదని వెనక్కొచ్చింది. మీరు ముందు గ్లవ్స్ తొడుక్కుని ఒక డబ్బా నేలమీద బోర్లించండి. కంపు కొడుతుంది, తప్పదు. ఏది తప్పుగా పడుతోందో అక్కడే తెలుస్తుంది. మా దగ్గర అసలు దొంగ తడి. సీసాలో మిగిలిన గుక్కెడు ద్రవం చాలు, పక్కనున్న కాగితాలు పాడవడానికి. అందుకే కాగితానికి వేరే డబ్బా పెట్టాం.

తర్వాత సరుకు తీసుకెళ్లేవాళ్లని అడిగి, వాళ్లు తీసుకునేవే జాబితాలో రాయండి. ప్లాస్టిక్ అడుగున త్రికోణంలో ఉండే 1 నుంచి 7 దాకా అంకె దాని రకం చెప్తుందంతే, రీసైకిల్ అవుతుందని హామీ కాదు. సాధారణంగా 1, 2 అంకెలవాటికి గిరాకీ ఎక్కువ. బిల్లులు వచ్చే నున్నటి థర్మల్ కాగితాన్ని మామూలు కాగితంలో కలపనివ్వకండి.

బోర్డు మీద రాతలు ఎవరూ చదవరు (నేనూ చదవను). సీసాల డబ్బాకి గుర్తుగా ఖాళీ సీసానే కట్టేయండి. మూతకి సీసా పట్టేంత గుండ్రటి రంధ్రం చేయిస్తే, మూటగట్టిన చెత్త అందులో దూరదు. పక్కనే మామూలు చెత్తడబ్బా కూడా ఉండాలి.

నెలకోసారి మళ్లీ బోర్లించి చూడండి.