డిశ్చార్జ్ బుక్‌లో మెడల్ ఎంట్రీ లేదా? ఆర్మీ రికార్డు సరిచేయించుకోవడం ఎలా?

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం... ఒడిశాలో ఈ వైపు తెలుగు ఇళ్ళల్లో మిలటరీలో చేసి రిటైరైన పెద్దలు కనిపిస్తూనే ఉంటారు. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే వాళ్ళ డిశ్చార్జ్ బుక్ తీసి మెడల్స్ రాసే చోటు చూడండి. కార్గిల్ యుద్ధం నాడు పోరు జరిగిన ద్రాస్‌లో ఉన్న మనిషికి కూడా ఒక్కోసారి అక్కడ లాంగ్ సర్వీస్ మెడల్ ఒకటే కనిపిస్తుంది. కొందరికి ఉత్త అడ్డగీత. "పోనీలే, పెన్షన్ వస్తోంది కదా" అని ఊరుకుంటారు. ఊరుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ ఎంట్రీ మీ హక్కు, రిటైరై ఇరవై ఏళ్ళు దాటినా అడగొచ్చు.

నేను యూనిట్ ఆఫీసులో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఎంట్రీ ఎక్కడ జారిపోతుందో దగ్గర్నుంచి చూశాను. మెడల్‌కు అర్హత రాగానే యూనిట్ వాళ్ళు పార్ట్ టూ ఆర్డర్ వేస్తారు, అంటే ఆ సంగతి నమోదు చేసే అధికారిక కాగితం. అది రికార్డ్ ఆఫీసుకు చేరాక మీ షీట్ రోల్‌లో, అంటే మీ సర్వీసు రికార్డులో రాస్తారు. డిశ్చార్జ్ అయ్యే రోజున షీట్ రోల్‌లో ఉన్నదే డిశ్చార్జ్ బుక్‌లోకి ఎక్కుతుంది. యూనిట్ ఫీల్డ్ (సరిహద్దు ప్రాంతం) నుంచి పీస్ స్టేషన్‌కు కదిలే గందరగోళంలో మీరు ఆస్పత్రిలోనో, సెలవులోనో ఉన్నారనుకోండి, లేదా అప్పటికే వేరే యూనిట్‌కు పోస్టింగ్ వెళ్ళిపోయారనుకోండి, లిస్టులో పేరు పడదు. లేదా పేరు పడుతుంది, ఆర్మీ నంబరులో ఒక్క అంకె తారుమారవుతుంది. అంతే, ఆ ఎంట్రీ మీది కాకుండా పోతుంది.

ముందు ఏది లేదో తేల్చుకోండి

మెడల్ చేతికి రాకపోవడం వేరు, రికార్డులో ఎంట్రీ లేకపోవడం వేరు. ఎంట్రీ ఉండి మెడల్ రాకపోతే పని తేలిక. ఎంట్రీయే లేకపోతే ముందు అర్హత రుజువు కావాలి. కంటోన్మెంట్ దగ్గర షాపుల్లో మెడల్ సెట్టు కొనుక్కుని పెట్టుకున్నవాళ్ళున్నారు. కొన్నది రికార్డులోకి ఎక్కదు. వచ్చిన మెడల్ పోగొట్టుకున్నవాళ్ళది ఇంకో దారి. పోలీసు రిపోర్టు పెట్టి డూప్లికేట్ అడగాలి.

ఇక మీకు ఏయే మెడల్స్ రావాలో సర్వీసు తేదీలు ముందు పెట్టుకుని చూసుకోండి. తొమ్మిదేళ్ళు, ఇరవయ్యేళ్ళు, ముప్పయ్యేళ్ళు నిండితే వచ్చే లాంగ్ సర్వీస్ మెడల్స్ ఉంటాయి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్ళకు స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, 1997 ఆగస్టు 15న ఉన్నవాళ్ళకు స్వర్ణోత్సవ మెడల్ ఉన్నాయి. 1971 యుద్ధంలో పడమటి వైపు ఉన్నవాళ్ళకు పశ్చిమీ స్టార్, తూర్పు వైపు ఉన్నవాళ్ళకు పూర్వీ స్టార్ ఇచ్చారు. ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవాళ్ళకు సంగ్రామ్ మెడల్ ఉంది. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి సేనతో ఉన్నవాళ్ళకు స్పెషల్ సర్వీస్ మెడల్‌తో పాటు 'శ్రీలంక' క్లాస్ప్ (మెడల్ రిబ్బన్ మీద పెట్టే పేరు పట్టీ) రావాలి. 1999 కార్గిల్‌కు ఆప్ (ఆపరేషన్) విజయ్ స్టార్, ఆప్ విజయ్ మెడల్ రెండూ ఉన్నాయి. పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవాళ్ళకు స్టార్, వెనక నుంచి ఆ ఆపరేషన్‌కు సాయంగా ఉన్నవాళ్ళకు మెడల్. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దుకు తరలిన దళాలకు ఆప్ పరాక్రమ్ మెడల్ ఉంది. ఇవి కాక సియాచిన్ గ్లేసియర్ మెడల్, హై ఆల్టిట్యూడ్ మెడల్, జమ్మూ కాశ్మీర్ వంటి క్లాస్ప్‌లతో సైన్య సేవా మెడల్, ఐక్యరాజ్య సమితి దళాలతో వెళ్ళినవాళ్ళకు విదేశ్ సేవా మెడల్. శత్రువుతో పోరులో గాయపడ్డవాళ్ళకు పరాక్రమ్ పదక్. దీన్నే ముందు వూండ్ మెడల్ అనేవారు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మీ యూనిట్ ద్రాస్‌లో ఉన్నంత మాత్రాన మీకు స్టార్ రాదు. ఆ రోజుల్లో మీరు ట్రైనింగ్ సెంటర్‌లో కోర్సులో ఉన్నా, డిపోలో ఉన్నా రికార్డు ఆ సంగతే చెబుతుంది. కాబట్టి ఉత్తరం రాసే ముందు ఆ నెలల్లో మీరెక్కడున్నారో ఒక కాగితం మీద తేదీలవారీగా రాసుకోండి. ఈ కాగితమే మొత్తం పనికి వెన్నెముక.

కాగితాలు వెతకండి

డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ ఆర్డర్) మొదట బయటకు తీయండి. తర్వాత పాత ట్రంకుపెట్టె అడుగు దాకా వెళ్ళండి. మూవ్‌మెంట్ ఆర్డర్, లీవ్ సర్టిఫికెట్, మిలటరీ ఆస్పత్రి డిశ్చార్జ్ స్లిప్, యూనిట్ బోర్డు కనిపించే గ్రూప్ ఫోటో, ఏదైనా పనికొస్తుంది. అప్పట్లో ఇంటికి రాసిన ఇన్‌లాండ్ లెటర్లు మీ ఆవిడ దాచి ఉంచితే వాటిని తక్కువగా చూడకండి. వాటి మీద 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అనో, 99 ఏపీవో అనో, తేదీ ముద్రతో సహా ఉంటుంది. అది ఒక్కటే రుజువు కాకపోయినా, మిగతా కాగితాలకు బలం ఇస్తుంది. అదే సెక్షన్‌లో మీతో ఉండి ఆ మెడల్ అందుకున్న సహచరుడు ఉంటే ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు తీసుకోండి. ఆయనకు వేసిన పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ దొరికితే మీ ఫైలు చూసే క్లర్కుకు సగం వెతుకులాట తప్పుతుంది.

ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ మాత్రం పోస్టులో ఎవరికీ పంపవద్దు. అడిగినా ముందు అటెస్టెడ్ జిరాక్స్ పంపండి.

పేరు, జిల్లా తేడాలు

సరిహద్దులో ఉన్న మనకు ఇదే పెద్ద తలనొప్పి. 1992 అక్టోబర్ 2కు ముందు పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉండేది, రాయగడ, గుణుపురం కోరాపుట్‌లో ఉండేవి. ఆ రోజునే గజపతి, రాయగడ జిల్లాలు విడివిడిగా ఏర్పడ్డాయి. అంతకుముందు భర్తీ అయినవాళ్ళ రికార్డులో జిల్లా గంజాం అని ఉంటుంది, ఆధార్‌లో గజపతి అని ఉంటుంది. బరంపురం కొన్ని కాగితాల్లో బెర్హంపూర్, కొన్నిట్లో బ్రహ్మపూర్. 2011 వరకు రాష్ట్రం పేరు ఒరిస్సా. పేరు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు ముందు పెట్టుకునే అలవాటు మనది. భర్తీ రోజున రాసిన గుమాస్తా దాన్ని వెనక్కి వేస్తాడు, లేదా పూర్తిగా వదిలేస్తాడు. ఓటరు కార్డులో ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మారేటప్పుడు ఇంకో స్పెల్లింగ్ పడుతుంది.

దీనికి టెన్షన్ అక్కర్లేదు. రికార్డ్ ఆఫీసుకు రాసేటప్పుడు డిశ్చార్జ్ బుక్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఆధార్‌లో ఉన్న పేరు, ఈ పేరు ఒకరివేనని, పాత గంజాం జిల్లాలోని ఊరే ఇప్పుడు గజపతి జిల్లాలో ఉందని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి జత పెట్టండి. ఇది లేకనే ఫైళ్ళు వెనక్కి వస్తుంటాయి.

ఎవరికి రాయాలి?

గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా అని అక్కడికి వెళ్ళి అడిగేవాళ్ళున్నారు. ఆ గేటు దగ్గర ఈ పని కాదు. మీ కాగితాలు మీ రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, వాహనాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈకి, సామగ్రి సరఫరా చూసే ఆర్డ్‌నెన్స్ కోర్‌కు సికింద్రాబాద్, మెడికల్ కోర్‌కు లక్నో. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఢిల్లీ సుబ్రొతో పార్కులోని రికార్డ్ ఆఫీసుకు, నేవీ సెయిలర్లు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు రాయాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లో చేసినవాళ్ళకు ఈ దారి వర్తించదు, వాళ్ళు తమ దళానికే రాయాలి.

ఉత్తరం హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. ఒక్క పేజీ చాలు. సారాంశం ఇలా ఉంటే సరిపోతుంది:

"నా ఆర్మీ నంబరు ఫలానా, ర్యాంకు నాయక్, పేరు ఫలానా. 1999 మే నుంచి ఆగస్టు వరకు ఫలానా యూనిట్‌తో ద్రాస్ సెక్టార్‌లో పనిచేశాను. నా షీట్ రోల్‌లో, డిశ్చార్జ్ బుక్‌లో ఆప్ విజయ్ స్టార్ నమోదు కాలేదు. నా పోస్టింగ్ వివరాలు మీ రికార్డులతో సరిచూసి, పార్ట్ టూ ఆర్డర్ వేయించి, ఎంట్రీ చేయించి, మెడల్ పంపగలరు. అర్హత లేదని తేలితే ఏ నిబంధన ప్రకారం లేదో రాతపూర్వకంగా తెలపగలరు."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. కారణం రాసి కాదన్న జవాబు చేతిలో ఉంటేనే పై మెట్టు ఎక్కగలరు. కష్టసుఖాలు, కుటుంబ సమస్యలు అందులో రాయకండి. చదివే మనిషికి కావలసింది నంబరు, యూనిట్, తేదీలు.

ఉత్తరం మాజీ సైనికుల పనులు చూసే జిల్లా సైనిక్ బోర్డు ద్వారా పంపితే మంచిది. బరంపురంలో ఆ ఆఫీసు ఉంది. మిగతా జిల్లాల వాళ్ళు తాము ఏ ఆఫీసు కిందకు వస్తారో ముందు కనుక్కోండి. ఇల్లు పర్లాకిమిడిలో, అత్తవారూ పొలమూ పాతపట్నంలో ఉన్నవాళ్ళు మనలో ఎందరో. మీరు ఒడిశాలో నమోదయ్యారా, శ్రీకాకుళంలోనా చూసుకుని అక్కడి నుంచే నడపండి. రెండు చోట్ల నుంచి రెండు ఉత్తరాలు వెళితే ఫైలు చిక్కుపడుతుంది. ఒక కాపీ స్పీడ్ పోస్టులో నేరుగా రికార్డ్ ఆఫీసుకు కూడా పంపి, రసీదు ఉత్తరం కాపీకే పిన్ను చేసి దాచండి.

జవాబు రాకపోతే

రెండు నెలలు చూసి, పాత ఉత్తరం తేదీ వేసి గుర్తు చేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. ఫీజు పది రూపాయలు, పోస్టాఫీసులో దొరికే పోస్టల్ ఆర్డర్ చాలు. ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. "నాకు మెడల్ ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే సూటి జవాబు రాదు. ఆ చట్టం కింద దొరికేది కాగితం. కాబట్టి మీ షీట్ రోల్ కాపీ, ఫలానా తేదీల మధ్య మీ పేరున వేసిన పార్ట్ టూ ఆర్డర్ల కాపీలు, మీ ఉత్తరం మీద తీసుకున్న చర్య అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టే దారి కూడా ఉంది.

పెన్షన్ లేకుండా తక్కువ సర్వీసుతో వచ్చేసినవాళ్ళు ఆలస్యం చేయకండి. అలాంటివాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళ తర్వాత తీసేస్తారు. "మీ డాక్యుమెంట్లు ధ్వంసమయ్యాయి" అని జవాబొస్తే అక్కడితో ఆగకుండా లాంగ్ రోల్ అనే రిజిస్టరులోని వివరాలు ఇవ్వమని రాయండి. ఆ రిజిస్టరును ఉంచుతారు.

కారణం చూపి కాదన్నా, ఆ కారణం తప్పని మీ దగ్గర కాగితం ఉంటే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. ఒడిశాలో ఉండేవాళ్ళకు కోల్‌కతా బెంచ్, ఆంధ్రా వైపు వాళ్ళకు చెన్నై బెంచ్. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్ళాలి. ఆలస్యమైతే కారణం చెప్పి మన్నింపు కోరవచ్చు. ఒక్క లాంగ్ సర్వీస్ మెడల్ కోసం లాయరు ఖర్చు పెట్టుకోవాలా అంటే, నా మటుకు నేను వద్దనే చెబుతాను. పరాక్రమ్ పదక్, సేనా మెడల్ లాంటివైతే వెళ్ళాలి.

సేనా మెడల్, వీర్ చక్ర వంటి శౌర్య పతకాలు గెజిట్‌లో వస్తాయి. ఆ గెజిట్ తేదీ ఉత్తరంలో రాయాలి. వీటికి నెలనెలా భత్యం కూడా ఉంటుంది కాబట్టి ఎంట్రీ సరయ్యాక పీపీవోలో చేరిందో లేదో, సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో కనిపిస్తోందో లేదో చూసుకోండి.

భర్త పోయిన అమ్మలు కూడా ఇవన్నీ అడగవచ్చు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ పెన్షన్ పీపీవో కాపీ జత చేసి, భర్త నంబరు, పేరు ముందు రాసి, కింద తమ పేరు, సంబంధం రాస్తే చాలు. "ఆయనే లేరు, ఇంక మెడల్ ఎందుకమ్మా" అనే మాట విని ఆగిపోవద్దు. మనవలకు తాత ఎక్కడ పోరాడాడో చెప్పే సర్కారు కాగితం అది.

పని అయ్యాక ఎంట్రీ పడిన పార్ట్ టూ ఆర్డర్ కాపీ ఒకటి సైనిక్ బోర్డులో ఇవ్వండి. మెడల్ పార్సిల్ విప్పగానే దాని అంచు తిప్పి చూడండి. నంబరు, ర్యాంకు, పేరు అక్కడ చెక్కి ఉంటాయి. ఒక్క అంకె తేడా ఉన్నా అదే వారంలో వెనక్కి రాయండి.