రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకే కారు: తేలికపాటి స్పోర్ట్స్ కారుకు టైర్లు ఎలా ఎంచుకోవాలి?

వరంగల్ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ 600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఆ ట్రాక్ చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు కనుక, రోజంతా కష్టపడి నలభై రౌండ్లు తిప్పినా 150 కిలోమీటర్లు కావు. రానుపోను ప్రయాణం మాత్రం 1,200 కిలోమీటర్లు దాటుతుంది. కారును లారీ మీద ఎక్కించి పంపకుండా స్వయంగా నడుపుకుంటూ వెళ్లేవారు టైర్ల దుకాణంలో అడుగుపెట్టే ముందే ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మొదట కారు బరువు తెలుసుకోండి. రబ్బరు కొంత వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటుంది. ఆ వేడి కారు భారానికి టైరు నొక్కుకుపోయి మళ్లీ లేవడం వల్ల, మలుపుల్లో రోడ్డుతో ఒరుసుకోవడం వల్ల పుడుతుంది. వెయ్యి కిలోలకు అటూఇటూ ఉండే కారు పెద్ద సెడాన్ పుట్టించినంత వేడిని పుట్టించలేదు. అందువల్ల బరువైన కారుకు చక్కగా పనిచేసిన గట్టి రబ్బరు టైరు తేలిక కారు కింద చల్లగానే ఉండిపోయి జారుతుంది. అదే కారణంగా మెత్తని రబ్బరు తేలిక కారు మీద అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. స్విఫ్ట్ వంటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను ట్రాక్ కోసం తీర్చిదిద్దుకున్నవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

తర్వాత సైజు. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5ను ఉదాహరణగా తీసుకుందాం. దాని టైరు 185/60 ఆర్14, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 14 అంగుళాలు. పక్కగోడ 111 మిల్లీమీటర్లు వస్తుంది, మొత్తం వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు. దీని బదులు 15 అంగుళాల రిమ్‌పై 195/50 వేస్తే వ్యాసం 576 మిల్లీమీటర్లు అవుతుంది. తేడా రెండు మిల్లీమీటర్లకు లోపే కనుక స్పీడోమీటరూ గేర్ల లెక్కా మారవు, పైగా 15 అంగుళాలలో మంచి పట్టున్న టైర్లు ఎక్కువ రకాలు తయారవుతున్నాయి. ఏ కారుకైనా కాగితం మీద ఇలా లెక్క వేసుకున్నాకే రిమ్ మార్చాలి. ఇంకా వెడల్పు వేస్తే ఇంకా పట్టు వస్తుందని దుకాణాల్లో తరచుగా చెబుతారు. తేలిక కారు విషయంలో ఆ మాట నమ్మదగినది కాదు: వెడల్పు పెరిగిన కొద్దీ టైరు వేడెక్కడం ఆలస్యమవుతుంది, స్టీరింగ్ మొద్దుబారుతుంది, నీటి మీద తేలే గుణం పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన వెడల్పు కన్నా పది మిల్లీమీటర్లు దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం.

సైజు పక్కనే 82వి వంటి గుర్తు కనిపిస్తుంది. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు పనికివస్తుందని అర్థం. నాలుగు టైర్లు కలిసి 1,900 కిలోలు మోస్తాయి కనుక, ఇద్దరు మనుషులూ సామానూ కలిపినా ఈ కారుకు అది చాలినంత. భారీ కార్ల కోసం పక్కగోడలు బిగించి చేసిన టైర్లను దీనికి తొడిగితే గతుకులు నడుముకు తెలియడం తప్ప లాభం లేదు. రెండో తరం లోటస్ ఎలిస్ లాగా ముందు 175, వెనుక 225 వెడల్పుతో వచ్చే కార్లలో ఆ తేడాను అలాగే ఉంచాలి. నాలుగూ ఒకే మోడల్‌వి కావాలి.

ఇక అసలు ఎంపిక రబ్బరు రకంలో ఉంది. చాలా టైర్ల పక్కగోడపై ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. అంకె తగ్గిన కొద్దీ రబ్బరు త్వరగా అరుగుతుంది, సాధారణంగా పట్టు పెరుగుతుంది. 100, అంతకన్నా తక్కువ ఉన్నవి ఎక్కువగా గాళ్లు తక్కువగా ఉండే సెమీ స్లిక్‌లు, 200 దగ్గరివి ట్రాక్ రోజుల కోసం చేసినవి, 300 పైన ఉన్నవి వేగంగా నడిపే రోడ్డు కార్లవి. ఈ అంకెను తయారీదారులే ఇస్తారు కనుక ఒక కంపెనీ 200ను మరో కంపెనీ 220తో సూటిగా పోల్చడం కుదరదు. మన ప్రాంతంలో ఉండేవారికి నేను సెమీ స్లిక్‌లను సూచించను. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతటి వాన అరుదే అయినా, వానాకాలంలో ఏటూరునాగారం వైపో ఖమ్మం వైపో రోడ్డుపై నీరు నిలవడం అరుదు కాదు. అటువంటి నీటిని పక్కకు తోసేయడానికి లోతైన గాళ్లు కావాలి. అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు దగ్గర ఉన్నా, తేలిక కారు నీటిపై సులభంగా తేలుతుంది కనుక వానలకు ముందు 3 మిల్లీమీటర్ల వద్దే మార్చడం క్షేమం. ఏడాదికి ఒకటి రెండు సార్లే ట్రాక్‌కు వెళ్లేవారికి 300 తరహా టైరు, తరచుగా వెళ్తూ వానల్లో కారు బయటికి తీయనివారికి 200 తరహా టైరు సరిపోతుంది. ట్రాక్ టైర్ల కోసం విడిగా మరో నాలుగు రిమ్ములు కొనుక్కోమని కొందరు ఇచ్చే సలహా మంచిదే కానీ, రెండు సీట్ల కారులో నాలుగు టైర్లు పెట్టుకుని చెన్నై దాకా వెళ్లే దారి నాకు తోచలేదు.

వాననే కాదు, రోడ్డునూ చూడాలి. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్‌వీల్స్ అనే ఇనుప చక్రాలతోనే తారు మీదికి వచ్చి చేసిన గాట్లు, కోతల కాలంలో సగం రోడ్డు వరకు ఆరబోసిన వడ్లు, కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు కుంగదీసిన చోట్లు పలుచని పక్కగోడకు శత్రువులే. పక్కగోడ 90 మిల్లీమీటర్ల కన్నా తగ్గే సైజు జోలికి వెళ్లకండి.

కొనేటప్పుడు తయారీ తేదీని మీరే చదవండి. పక్కగోడపై 1825 అని ఉంటే 2025లో 18వ వారం అని అర్థం. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి అనుమతి అవసరం కావడంతో విదేశీ ట్రాక్ టైర్లు తేలిగ్గా దొరకవు. దొరికినవి ఏళ్ల తరబడి గోదాములో ఉన్నవి కావచ్చు. ఐఎస్ఐ గుర్తు లేనివి, రెండేళ్లు దాటినవి వద్దనండి. ఇంటి దగ్గర కూడా వేసవిలో కాలిపోయే రేకుల షెడ్డు కింద టైర్లు నిల్వ చేయకూడదు.

బిగించిన తర్వాత మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆ పైనే ట్రాక్‌కు వెళ్లండి. అక్కడ ట్రెడ్ (టైరులో రోడ్డును తాకే భాగం) అంచు నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో గీత గీసి నాలుగు రౌండ్లు తిప్పండి. గీత పక్కగోడ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, ట్రెడ్ అంచు దగ్గర కూడా మిగిలితే ఎక్కువైనట్టు. చల్లగా 26 పీఎస్ఐ ఉన్న టైరు 40 డిగ్రీలు వేడెక్కితే 31 దాటుతుంది. కొంత గాలి తీసి దాన్ని 29కి దించి రోజంతా నడిపితే, సాయంత్రం చల్లారేసరికి 24 మాత్రమే మిగులుతుంది. ఆ గాలితోనే సామాను ఎక్కించుకుని రాత్రి హైవే ఎక్కితే పక్కగోడలు వేడెక్కి దెబ్బతింటాయి కనుక, చిన్న కంప్రెసర్ వెంట ఉంచుకుని, టైర్లు పూర్తిగా చల్లారాక 26కు నింపి, వీల్ నట్లు మరోసారి బిగించి, పక్కగోడల లోపలి వైపు కూడా టార్చ్ వేసి చూసుకున్నాకే ఇంటిదారి పట్టండి.